మోడలింగ్ అండ్ సిమ్యులేషన్ పేపర్‌కి క్లాసు నోట్సు పక్కన ఇంకేం పెట్టుకుని చదవాలి?

గోదారి_గట్టు

అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ అప్లైడ్ మ్యాథ్స్ థర్డ్ సెమ్ చదువుతున్నా. ఎలెక్టివ్‌గా కంప్యూటర్ మోడలింగ్ అండ్ సిమ్యులేషన్ తీసుకున్నా, ఇష్టపడే తీసుకున్నా. యూనిట్లు ఏంటంటే ర్యాండమ్ నంబర్లు, మాంటే కార్లో (ర్యాండమ్ నంబర్లతో జవాబు అంచనా వెయ్యడం), క్యూ సిమ్యులేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్లతో నడిచే మోడల్స్, చివర్లో వెరిఫికేషన్ వ్యాలిడేషన్. క్లాసు నోట్సు ఫార్ములాల వరకు బానే ఉంది గానీ ఒక మోడల్‌ని మొదట్నించీ ఎలా కట్టుకు రావాలో అందులో లేదు. ల్యాబ్‌లో సైలాబ్ (లెక్కలు చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్) ప్రోగ్రామ్‌లు కొట్టి రికార్డు రాసి సంతకం పెట్టించుకునేసరికి టైమ్ అయిపోతోంది, ఈ లైను ఎందుకిలా రాశాం అని అడిగే సందు దొరకట్లేదు.

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకళ్ళు నలభై లింకులున్న పీడీఎఫ్ పెట్టారు. అందులో పది తెరిచి చూశా, ఒక్కోటి ఒక్కో చోట మొదలవుతుంది, ఒకటి మ్యాట్‌ల్యాబ్ అంటుంది, ఇంకోటి పైథాన్ అంటుంది, మరోటి నేను వినని సాఫ్ట్‌వేర్ పేరు చెప్తుంది. రెండు వారాలు లింకులు తెరవడం మూయడంతోనే పోయాయి. నాకు డిగ్రీలో సీ లాంగ్వేజ్ ఒక్కటే వచ్చు, ఇంటర్ దాకా తెలుగు మీడియం కాబట్టి ఇంగ్లీష్ వీడియో ఫాస్ట్‌గా వెళ్తే రెండోసారి చూడాల్సి వస్తుంది. ల్యాప్‌టాప్ 4 జీబీ ర్యామ్, హాస్టల్ వైఫై రాత్రి పదకొండు తర్వాతే కాస్త పని చేస్తుంది. ఎగ్జామ్స్‌కి ఇంకా తొమ్మిది వారాలుంది.

ఇంకో విషయం, ఇది నిద్ర పట్టనివ్వట్లేదు. స్ప్రింగ్‌కి కట్టిన బరువు అటూ ఇటూ ఊగే మోడల్ సొంతంగా రాశా, ఫ్రిక్షన్ ఏం పెట్టలేదు, ఆయిలర్ మెథడ్ (టైమ్‌ని చిన్న చిన్న స్టెప్పులు చేసి లెక్కకట్టేది), స్టెప్ 0.1. ఊగడం ఒకే ఎత్తులో ఉండాలి కదా, నాది పోను పోను పెరిగిపోతోంది! ప్రోగ్రామ్ ఎన్నిసార్లు చూసినా తప్పు కనపడట్లేదు. దీని గురించి కూడా ఎవరైనా చెప్తే మీ మేలు మర్చిపోను.

సీనియర్_బెంచ్

చెల్లీ ముందు స్ప్రింగ్ సంగతి చెప్తా, ఎందుకంటే నీ ప్రోగ్రామ్‌లో తప్పు లేదు. మెథడే అంత. ఆయిలర్‌లో పొజిషన్‌కీ వెలాసిటీకీ రెండింటికీ పాత విలువలే వాడతావు కదా, దానివల్ల స్టెప్పు స్టెప్పుకీ ఎనర్జీ (1 + స్టెప్ స్క్వేర్) రెట్లు అవుతుంది, అంటే స్ప్రింగ్ కాన్‌స్టెంటూ బరువూ రెండూ 1 అనుకుంటే నీ 0.1 స్టెప్‌కి ప్రతిసారీ 1.01 రెట్లు. ఒక శాతమే కదా అనిపిస్తుంది, కానీ 100 స్టెప్పులు వేస్తే అంటే 10 సెకన్లకి 1.01 పవర్ 100, అది 2.7 దాటుతుంది, ఎత్తు దాని వర్గమూలం కాబట్టి 1 మీటర్‌తో మొదలుపెడితే 1.64 అవ్వాలి. నీ అవుట్‌పుట్‌లో చూడు, 10 సెకన్ల దగ్గర అదే ఉంటుంది. ఉంటే నీ కోడ్ కరెక్ట్ అని అర్థం, మెథడ్ మాత్రం ఈ పనికి పనికిరాదని అర్థం.

ఇప్పుడు ఒకే ఒక్క మార్పు చెయ్యి. ముందు కొత్త వెలాసిటీ లెక్కకట్టు, ఆ కొత్త వెలాసిటీతోనే పొజిషన్ జరుపు. ఆయిలర్ క్రోమర్ అంటారు దీన్ని. కోడ్‌లో రెండు లైన్ల వరస మారుతుంది అంతే, ఊగడం ఒక హద్దులో ఉండిపోతుంది. నేను ఇది మొదటిసారి చేసినప్పుడు హాస్టల్ రూమ్‌లో పక్క మంచం వాణ్ణి లేపి మరీ చూపించా. తర్వాత అదే లెక్క ఆర్‌కే ఫోర్‌తో (రుంగే కుట్టా అనే ఇంకా కచ్చితమైన మెథడ్) చేసి స్టెప్ సగం చేస్తే ఎర్రర్ దాదాపు పదహారో వంతుకి పడుతుందో లేదో చూడు, ఆయిలర్‌లో సగానికే పడుతుంది. ఈ మూడు గ్రాఫులు ఒకే పేజీలో అతికించుకుంటే ఆ యూనిట్ సగం చదివేసినట్టే.

రిసోర్సుల విషయానికొస్తే, ల్యాబ్ సైలాబ్ అన్నావు కాబట్టి ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ సైట్‌కి వెళ్ళు. ఒక్కో వీడియో పది నిమిషాలు అటూ ఇటూ ఉంటుంది, నిదానంగా చెప్తారు, వీడియో ఒక పక్క సైలాబ్ ఇంకో పక్క పెట్టుకుని కొట్టుకుంటూ వెళ్ళేలా తయారుచేశారు. భాషల లిస్టులో తెలుగు కూడా ఉంటుంది, నీకు కావాల్సిన టాపిక్‌కి తెలుగు ఆడియో ఉందేమో సెలెక్ట్ చేసి చూసుకో. అదే ఐఐటీ బాంబేలో ఫాసీ అని ప్రాజెక్ట్ ఉంది, వాళ్ళ టెక్స్ట్‌బుక్ కంపానియన్ చాలా మందికి తెలియదు, పేరున్న పాఠ్యపుస్తకాల్లోని సాల్వ్‌డ్ ఎగ్జాంపుల్స్‌ని స్టూడెంట్స్ సైలాబ్ కోడ్‌గా రాసి పెట్టినవి. న్యూమరికల్ మెథడ్స్ పుస్తకాలు అందులో బాగానే ఉన్నాయి. నువ్వు లెక్క చేతితో చేసి తర్వాత వాళ్ళ కోడ్‌తో పోల్చుకో, ముందే కోడ్ చూస్తే ఏం రాదు.

మ్యాట్‌ల్యాబ్ కోసం వెంపర్లాడకు. ఎక్కడైనా మ్యాట్‌ల్యాబ్ కోడ్ తగిలితే ఆక్టేవ్‌లో వెయ్యి, ఫ్రీ, చిన్న ప్రోగ్రామ్‌లు చాలావరకు అలాగే నడుస్తాయి, 4 జీబీ మీద కూడా ఇబ్బంది ఉండదు. ఆ నలభై లింకుల పీడీఎఫ్ మాత్రం ఈ రోజే డిలీట్ చెయ్యి.

లెక్కల_మేడమ్

ఈ పేపర్ నేను కొన్నేళ్ళుగా చెప్తున్నా, వేరే యూనివర్సిటీలో. పైన బాబు చెప్పింది బాగుంది. నాకు తెలిసి పిల్లలు ఎక్కువ నష్టపోయేది ర్యాండమ్ నంబర్ల యూనిట్‌లో, తేలిక అనుకుని వదిలేస్తారు కాబట్టి. వీడియోలు చూడకముందే ఒక తెల్లకాగితం తీసుకుని ఇవి చెయ్యమ్మా.

ఫాన్ న్యూమన్ మిడిల్ స్క్వేర్ మెథడ్ సిలబస్‌లో ఉంటుంది. నాలుగు అంకెల సంఖ్య తీసుకుని వర్గం చేసి మధ్య నాలుగంకెలు తీసుకోవాలి. 3792 తో మొదలుపెట్టు. వర్గం 14379264, మధ్యలో మళ్ళీ 3792. ఎన్నిసార్లు చేసినా అదే. 2500 కూడా అంతే, వర్గం 06250000. ఈ మెథడ్‌ని ఎందుకు వదిలేశారు అని ఎగ్జామ్‌లో అడిగితే నాలుగు లైన్ల థియరీ రాసే బదులు ఈ రెండు లెక్కలు వేసి చూపించిన పేపర్ నా చేతికొస్తే నేను ఫుల్ మార్కులు వేస్తా.

తర్వాత లీనియర్ కాంగ్రుయెన్షియల్. గుణకం 5, కలిపేది 3, మాడ్యులో 16 (అంటే 16 తో భాగిస్తే మిగిలేది), సీడ్ అంటే మొదటి సంఖ్య 7. ఇలా వస్తుంది: 7, 6, 1, 8, 11, 10, 5, 12, 15, 14, 9, 0, 3, 2, 13, 4, మళ్ళీ 7. పదహారూ వచ్చాయి, ఫుల్ పీరియడ్. ఎందుకొచ్చాయో, ఫుల్ పీరియడ్ ఎప్పుడొస్తుందో చెప్పే హల్ డాబెల్ కండిషన్లు మూడూ ఒక్కొక్కటే సరిచూడు. ఆ తర్వాత ఆ వరసని ఇంకోసారి చూడు, బేసి, సరి, బేసి, సరి అని ఖచ్చితంగా మారుతూ ఉంది. ఫుల్ పీరియడ్ ఉన్నంత మాత్రాన అది యాదృచ్ఛికంగా ఉన్నట్టు కాదు అని అక్కడే కనపడిపోతుంది, టెస్టులు ఎందుకు చేస్తామో ఇంక నేను చెప్పక్కర్లేదు.

మీరు మ్యాథ్స్ వాళ్ళు కాబట్టి మీకు ఇంకోటి. 1960ల నుంచి ర్యాండూ అని ఒక జెనరేటర్ ఐబీఎం మెషీన్ల మీద విపరీతంగా వాడారు. గుణకం 65539, మాడ్యులో రెండు పవర్ 31. 65539 అంటే రెండు పవర్ 16 ప్లస్ 3. దాన్ని వర్గం చేసి మాడ్యులో తీసుకో, 6 × 65539 – 9 వస్తుంది. అంటే వరుసగా ఏ మూడు సంఖ్యలు తీసుకున్నా మూడోది రెండోదానికి ఆరు రెట్లలోంచి మొదటిదానికి తొమ్మిది రెట్లు తీసేసి మాడ్యులో తీసుకుంటే వచ్చేదే. అందుకే త్రీ డైమెన్షన్స్‌లో చుక్కలు పెడితే అవన్నీ 15 ప్లేన్ల మీదే పడతాయి. ఎంతో మంది దీన్ని నమ్మి లెక్కలు చేశారు. ఇది తెలిశాక పైథాన్‌లో ర్యాండమ్ అని రాసినప్పుడు వెనకాల ఏముందో చూడాలనిపిస్తుంది, అక్కడుండేది మెర్సెన్ ట్విస్టర్, పీరియడ్ రెండు పవర్ 19937 మైనస్ 1.

పుస్తకం అంటే మీ లైబ్రరీలో నర్సింగ్ దేవ్ గారి సిస్టమ్ సిమ్యులేషన్ విత్ డిజిటల్ కంప్యూటర్ ఉంటుంది చూడు, సన్నటి పుస్తకం. అందులో భాష, ప్రోగ్రామ్‌లు పాతవి, ఫోర్ట్రాన్ కాలంవి. అయినా ఒక సమస్యని ఫ్లోచార్టు దాకా ఎలా తీసుకురావాలో నిదానంగా చెప్తుంది, నువ్వు నోట్సులో లేదు అన్నది అదే కదా. పరీక్షకి సగం అక్కడ దొరుకుతుంది.

వరంగల్_వాసి

నేను హైదరాబాద్ల ఒక వేర్‌హౌస్ కంపెనీకి సిమ్యులేషన్ పని చేస్త, ట్రక్కులు ఎన్ని వస్తే ఎన్ని డాక్‌లు కావాలె అనే లెక్కలు. మేడమ్ చెప్పినయి అన్నీ నిజమే గానీ పుస్తకంల సగం దొరుకుతది అన్నది పరీక్ష వరకే, పనిల అడిగేది వేరే ఉంటది. అందుకే క్యూ యూనిట్ గురించి కొంచెం ఎక్కువ చెప్త.

ముందుగాల కాగితం మీద. గంటకి 10 మంది వస్తున్నరు, కౌంటర్ల ఉన్నాయన గంటకి 12 మందికి పని చేసి పంపగలడు అనుకో. ఎమ్ ఎమ్ వన్ (మనుషులు ర్యాండమ్‌గ వస్తరు, కౌంటర్ ఒక్కటే ఉంటది అనే క్యూ) ఫార్ములాల వేస్తే సిస్టమ్‌ల సగటున 5 మంది ఉంటరు, ఒక్కొక్కరు అరగంట ఉంటరు. ఇప్పుడు గంటకి ఒక్క మనిషి ఎక్కువ రానియ్యి, 11 మంది. 11 మంది ఉంటరు సిస్టమ్‌ల, ఒక్కొక్కరు గంట ఉంటరు. ఒక్క మనిషి ఎక్కువైతే వెయిటింగ్ డబుల్! నేను కాలేజీల ఉన్నప్పుడు ఈ ఫార్ములా బట్టీ పట్టిన గానీ ఈ సంగతి ఎవ్వరు చూపియ్యలే, ఉద్యోగంల మొదటి నెలల మా మేనేజర్ బోర్డు మీద గీసి చూపిస్తే అప్పుడు సమజైంది.

మల్ల కంప్యూటర్ ముట్టకుండనే పది మంది కస్టమర్లకి టేబుల్ వెయ్యి. వచ్చిన టైమ్, పని మొదలైన టైమ్, అయిపోయిన టైమ్, ఎంతసేపు ఆగిండు. రెండు మనుషుల నడుమ గ్యాప్ కావాలంటే 0, 1 నడుమ ర్యాండమ్ నంబర్ తీస్కొని దాని నేచురల్ లాగ్‌ని మైనస్ సగటుతోని గుణించాలె. గంటకి 10 మంది అంటే సగటు గ్యాప్ 6 నిమిషాలు, ర్యాండమ్ నంబర్ 0.5 వస్తే గ్యాప్ 4.16 నిమిషాలు. గిట్ల పది అడ్డవరుసలు చేతితోని రాసినోళ్ళకి సింపై లైబ్రరీ గంటల వస్తది, రాయనోళ్ళకి నెలైనా యీల్డ్ అనే పైథాన్ మాట కాడనే ఆగిపోతరు.

సింపై అంటే పైథాన్‌ల ఫ్రీ లైబ్రరీ. దాని డాక్యుమెంటేషన్‌ల బ్యాంక్, కార్ వాష్, మెషీన్ షాప్, పెట్రోల్ బంక్ ఎగ్జాంపుల్స్ ఉన్నయి, మస్తు చిన్నయి. వాటిని కాపీ కొట్టి నడుపుడు కాదు, కార్ వాష్‌ల మెషీన్లు రెండు ఉంటయి, మూడు చెయ్యి, వచ్చే కార్లు ఎక్కువ చెయ్యి, ఏమైతదో ముందే కాగితం మీద రాసి మల్ల నడుపు. ల్యాప్‌టాప్ చిన్నది అన్నవు కదా, గూగుల్ కోలాబ్‌ల (బ్రౌజర్‌లనే పైథాన్ నడిపేది) నడుపు, నీ దాంట్ల ఏం ఇన్‌స్టాల్ చేసే పని లేదు. వైఫై దొరికే రాత్రి కోలాబ్ పని, పొద్దుగాల కాగితం పని అని పెట్టుకో.

సైలాబ్ మంచిదే, నేను కాదంట లేను, కానీ ఈవెంట్లతోని నడిచే మోడల్స్‌కి పైథానే సులువు. ఈ ఒక్క యూనిట్‌కి పైథాన్ నేర్సుకో.

దూరతీరం

నాది గుంటూరు, ఇప్పుడు ఇంగ్లండ్‌లో అంటువ్యాధుల మోడలింగ్ మీద పని చేస్తున్నా. డిఫరెన్షియల్ ఈక్వేషన్ల యూనిట్‌కి స్ప్రింగ్ తర్వాత చెయ్యాల్సింది ఎస్ఐఆర్ మోడల్, అంటే ఊరిని ఇంకా జబ్బు రానివాళ్ళు, జబ్బుతో ఉన్నవాళ్ళు, కోలుకున్నవాళ్ళు అని మూడు గుంపులు చేసేది. ఇది ఎక్కడో పరాయి లెక్క కాదు మనకి, అది చెప్పాలనే ఈ పోస్టు రాస్తున్నా.

1897 ఆగస్టు 20 న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు, ఆ బిల్డింగ్ బేగంపేటలో ఇప్పటికీ ఉంది. ఆయన అక్కడితో ఆగలేదు, తర్వాత మలేరియాకి గణిత మోడల్ రాశాడు, దోమలన్నిటినీ చంపక్కర్లేదు, ఒక సంఖ్య కిందికి తగ్గిస్తే చాలు జబ్బు దానంతటదే తగ్గుముఖం పడుతుందని ఆ మోడల్‌తోనే వాదించాడు. 1927 లో కెర్మాక్, మెకెండ్రిక్ ఎస్ఐఆర్ పేపర్ రాశారు, మెకెండ్రిక్ ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో పని చేసినవాడు, ఆ పేపర్‌లో వాళ్ళు గ్రాఫు గీసి పోల్చి చూపించింది 1905-06 లో బొంబాయి ప్లేగు మరణాలతో. ఆ గ్రాఫు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఆ చుక్కల్లో కొన్ని ఒక్కోటీ వందల మంది మనవాళ్ళు.

ఇప్పుడు లెక్క. 1000 మంది ఊరు, ఒకరికి జబ్బు, బీటా (జబ్బు అంటుకునే రేటు) 0.5, గామా (కోలుకునే రేటు) 0.25, అంటే ఆర్ నాట్ (మొదట్లో ఒక్కరు సగటున ఎంతమందికి అంటిస్తారో) 2. సైలాబ్‌లోనే రాయి. రాశాక మూడు చోట్ల సరిచూసుకో. ప్రతి స్టెప్‌లో మూడు గుంపులూ కలిపితే 1000 రావాలి, రాకపోతే ఎక్కడో ఒక టర్మ్ ఒక ఈక్వేషన్‌లో తీసి ఇంకోదాంట్లో కలపడం మర్చిపోయావు. జబ్బు పడినవాళ్ళు ఒకేసారి ఎక్కువ ఉండేది దాదాపు 154 మంది, అది సరిగ్గా ఇంకా జబ్బు రానివాళ్ళు 500 కి దిగిన చోట రావాలి. అంతా అయ్యాక మొత్తం మీద జబ్బు వచ్చి పోయినవాళ్ళు దాదాపు 797 మంది. ఈ అంకెలు రాకుండా ఏ వీడియో చూసినా లాభం లేదు, ఇవి వస్తే నీ మోడల్ నడిచినట్టే. వెరిఫికేషన్ అనే మాటకి అర్థం ఇదే, నేను చెప్పిన మోడల్‌నే కంప్యూటర్ నడుపుతోందా అని. ఆ మోడల్ నిజంగా ఊళ్ళో జరిగేదానికి దగ్గరగా ఉందా అనేది వ్యాలిడేషన్, దానికి డేటా కావాలి.

మాంటే కార్లోకి ఎమ్ఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లో 6.0002 అని కోర్సు ఉంది, 2016 లో రికార్డు చేసింది. ర్యాండమ్ వాక్, మాంటే కార్లో, కాన్ఫిడెన్స్ ఇంటర్వల్స్ మీద లెక్చర్లు వరుసగా ఉంటాయి, ఆ మూడు నాలుగు చూస్తే చాలు, మొత్తం అక్కర్లేదు. స్పీడ్ 0.75 పెట్టుకుని సబ్‌టైటిల్స్ ఆన్ చేసి చూడు, నేను వచ్చిన కొత్తలో అలాగే చూశా, నాదీ తెలుగు మీడియమే. స్లైడ్లు కోడు కూడా డౌన్‌లోడ్ అవుతాయి.

నెట్‌లోగో కూడా ఒకసారి తెరువు. మోడల్‌లో మనుషుల్నీ జంతువుల్నీ ఒక్కొక్కటిగా నడిపే సాఫ్ట్‌వేర్, నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ వాళ్ళది, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. మోడల్స్ లైబ్రరీలో వైరస్, తోడేళ్ళు గొర్రెలు, ట్రాఫిక్ లాంటివి ఉన్నాయి. ఎస్ఐఆర్ గీత నున్నగా వస్తుంది కదా, అదే జబ్బుని మనిషి మనిషిగా నడిపితే ఒక్కోసారి మొదటి పేషెంట్ దగ్గరే ఆగిపోతుంది, ఒక్కోసారి ఊరంతా తిరుగుతుంది. సగటు చెప్పేదీ నిజంగా జరిగేదీ ఎంత వేరో అక్కడ కళ్ళతో చూస్తావు.

సీనియర్_బెంచ్

ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు) గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. సిమ్యులేషన్, న్యూమరికల్ మెథడ్స్ మీద కోర్సులున్నాయి, చూడటం ఫ్రీ, ఎగ్జామ్ రాస్తేనే ఫీజు. అసైన్‌మెంట్లకి 25, ఎగ్జామ్‌కి 75 శాతం వెయిట్. సర్టిఫికెట్ కావాలనుకుంటే వచ్చే సెమ్‌లో రిజిస్టర్ అవ్వు, ఈ తొమ్మిది వారాల్లో దాని డెడ్‌లైన్లు కూడా నెత్తిన వేసుకోవద్దు. ట్రాన్స్‌క్రిప్టు పీడీఎఫ్‌లు మాత్రం డౌన్‌లోడ్ చేసుకో, వైఫై లేనప్పుడు చదువుకోవచ్చు.

లెక్కల_మేడమ్

ఎన్‌పీటెల్ విషయంలో నేను కొంచెం వేరుగా అంటాను. డెడ్‌లైన్ ఉంటేనే చదివే పిల్లలుంటారు, వాళ్ళకి రిజిస్టర్ అవ్వడమే మంచిది. ఈ అమ్మాయి రాసింది చూస్తే తనకి ఆ అవసరం ఉన్నట్టు లేదు.

గోదారి_గట్టు

నేను ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ చాలా చాలా థాంక్స్. మూడు వారాలైంది, ఏం చేశానో చెప్పాలి కదా.

అన్నా, 10 సెకన్ల దగ్గర 1.64 వచ్చింది! లైన్లు మార్చాక నిలబడింది. మేడమ్, 65539 లెక్క చేశాను, రెండు పవర్ 32 టర్మ్ మాడ్యులోలో ఎగిరిపోయే చోట కాసేపు ఆగాల్సి వచ్చింది, తర్వాత మా ఫ్రెండ్స్‌కి కూడా చెప్పా. ఎస్ఐఆర్ మొదటిసారి 1000 రాలేదు, దూరతీరం అక్క అన్నట్టే రికవరీ టర్మ్ ఒక దాంట్లో కలిపి ఇంకోదాంట్లో తియ్యలేదు. సరిచేశాక అంకెలన్నీ వచ్చాయి. మాంటే కార్లోతో పై (π) విలువ కూడా కట్టా, 10,000 చుక్కలకి రెండో దశాంశ స్థానమే నిలకడగా రావట్లేదు, పది లక్షలకి కాస్త పర్లేదు, చుక్కలు వంద రెట్లు చేస్తే గానీ ఎర్రర్ పదో వంతుకి రాదని అప్పుడర్థమైంది.

ఇప్పుడు కొత్త చిక్కు. క్యూ యూనిట్ ప్రాజెక్టుకి మా హాస్టల్ మెస్ తీసుకున్నా. సాయంత్రం ఏడున్నరకి కౌంటర్ తెరుస్తారు, రెండు రోజులు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని గంటసేపు నించుని రాసుకున్నా. గంటలో దగ్గర దగ్గర 150 మంది, ఒక్కొక్కరికి వడ్డించడానికి సగటున 22 సెకన్లు. ఎమ్ ఎమ్ వన్‌లో వేస్తే లైన్లో ఆగేది 4 నిమిషాలు అని వస్తోంది. సింపైలో రాసినా రోజులు రోజులు నడిపితే అదే 4 చుట్టూ వస్తోంది, అంటే కోడ్ కరెక్టే. కానీ నిజంగా 7.40 కి వచ్చినవాళ్ళు 13 నిమిషాలు నించున్నారు, 8.10 కి వచ్చినవాళ్ళకి అసలు లైనే లేదు. తెరవకముందే 18 మంది లైన్లో ఉంటారు, మొదటి పది నిమిషాల్లో ఇంకో 45 మంది వచ్చేస్తారు. నా డేటా తప్పా, ఫార్ములా తప్పా?

వరంగల్_వాసి

రెండూ తప్పు కాదు. ఆ ఫార్ములా ఎప్పుడు చెల్లుతది అంటే మనుషులు ఒకే తీరు వచ్చుకుంట ఉండాలె, క్యూ చాలాసేపు నడిచి నిలకడకి రావాలె. మీ మెస్ గంట నడిచి మూస్తది, నిలకడ అనేదే రాదు. నీ అంకెలతోనే చూడు, 18 ప్లస్ 45 అంటే 63 మంది, పది నిమిషాలల్ల వడ్డించేది 27 మందికి, మిగిలింది 36, ఒక్కొక్కరికి 22 సెకన్లు అంటే 13 నిమిషాలు. నువ్వు నిలబడి చూసింది అదే.

ఇంకోటి, వడ్డించే టైమ్ ఎక్స్‌పోనెన్షియల్ (ఎక్కువసార్లు చిన్నది, ఒక్కోసారి మస్తు పెద్దది, ఫార్ములా అనుకునేది ఇదే) అసలే కాదు. ప్లేట్ల అన్నం కూర పెట్టుడు అందరికి దాదాపు ఒకటే టైమ్ పడ్తది. పూర్తిగ ఒకటే అనుకుంటే లైన్ల ఆగేది ఎమ్ ఎమ్ వన్‌ల సగమే, అంటే ఫార్ములా 2 నిమిషాలు అంటది, నిజానికి ఇంకా దూరం పోతది. మీ తిప్పలు వడ్డించుడుతోని కాదు, అందరు ఒక్కసారే వచ్చుడుతోని.

గంటని ఐదు ఐదు నిమిషాల ముక్కలు చెయ్యి, ఒక్కో ముక్కకి ఒక్కో రేటు పెట్టు. మొదలే 18 మందిని లైన్ల నిలబెట్టు. సర్వీస్ టైమ్‌కి ఏ డిస్ట్రిబ్యూషన్ అని తల పట్టుకోకు, నువ్వు రాసుకున్న టైమ్‌ల లిస్టుల నుంచే ఒకటి ర్యాండమ్‌గా తియ్యి.

లెక్కల_మేడమ్

బాబు చెప్పినట్టు చెయ్యి, ఇంకో రెండు కలుపుతా. ఒక్కసారి నడిపి వచ్చిన అంకె రాయొద్దు. వేరే వేరే సీడ్లతో పది సాయంత్రాలు నడుపు, పదింటి సగటూ స్టాండర్డ్ డీవియేషనూ తీసుకో. స్టాండర్డ్ డీవియేషన్‌ని రూట్ పదితో భాగించి 2.262 తో గుణిస్తే 95 శాతం ఇంటర్వల్ సగం వెడల్పు వస్తుంది. సీడ్లు రికార్డులో రాసిపెట్టుకో, వైవాలో మళ్ళీ నడిపి చూపించమంటే అవే అంకెలు రావాలి. మీది ఆగకుండా నడిచే ఫ్యాక్టరీ కాదు కాబట్టి వార్మప్ పీరియడ్ (నిలకడకి రాకముందు మొదటి భాగం) తీసెయ్యాల్సిన పని లేదు, ఆ మొదటి పది నిమిషాలే నీ ప్రాజెక్టు.

రెండు రోజుల డేటా ఉందన్నావు కదమ్మా. మొదటి రోజు డేటాతో మోడల్ కట్టు. రెండో రోజుది ముట్టుకోకుండా పక్కన పెట్టు, మోడల్ అంతా అయ్యాక దాంతో పోల్చు. వీలైతే ఆదివారం కూడా ఒకసారి వెళ్ళి రాసుకో, ఆదివారం మెస్‌కి వచ్చే తీరు వేరుగా ఉంటుంది, మోడల్ ఎక్కడిదాకా పని చేస్తుందో ఆ రోజు తేలుతుంది.

గోదారి_గట్టు

ఆదివారం వెళ్తున్నా మేడమ్. మా రూమ్మేట్ కూడా వస్తానంది, తను వచ్చేవాళ్ళని లెక్కపెడుతుంది, నేను వడ్డించే టైమ్ రాస్తా.